సింగపూర్లో అమ్మ ఏం తిన్నది?

మన హీరో హీరోయిన్లు పాట కోసం విదేశాలు వెళ్తారు. పల్లవి ఒక దేశంలో, చరణం ఇంకో దేశంలో. మంచుకొండ మీద పల్చటి చీర, నడివీధిలో గొడుగు డాన్సు, వెనకాల బిత్తరపోయి చూస్తున్న ఆ ఊరి జనం... అన్నీ వుంటాయి. ఇన్నేళ్లుగా ఇన్ని వందల పాటలు చూశారు కదా, వాటిలో ఒక్కదాంట్లోనైనా ఆ ఇద్దరికీ ఆకలేసిన షాటు వుందా? హోటల్లో కూర్చుని, మెనూ కార్డు అటూ యిటూ తిరగేసి, బిక్కమొహాలు వేసిన షాటు? లేదు! ప్రేమలో పడ్డవాళ్లకి ఆకలి తెలీదంటారు, ఒప్పుకుందాం. మరి వెంట వెళ్లిన లైట్ బాయ్ సంగతో? మేకప్ అసిస్టెంట్ సంగతో? అందుకే చాలా యూనిట్లు కెమెరాతో పాటు వంటవాణ్ణి కూడా విమానం ఎక్కిస్తాయి. లొకేషన్లో పప్పూ చారూ దొరికితేగాని పని నడవదు మరి!

మనబోటి వాళ్లకి ఆ వైభోగం ఎక్కడిది? టికెట్ కొనుక్కుని, కుటుంబాన్ని వెంటేసుకుని వెళ్తే, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా అసలు కథ మొదలవుతుంది. ఈ వారం స్టూడియోలకి సెలవిచ్చి ఆ కథే చెప్తాను. సినిమా లేదేమోనని దిగులు పడకండి. ఈ కథ మొదలైందే సినిమా హాల్లో.

కె. బాలచందర్ ‘అందమైన అనుభవం’ 1979లో వచ్చింది. తమిళంలో అదే ‘నినైత్తాలే ఇనిక్కుం’. కమల్‌హాసన్, రజనీకాంత్, జయప్రద. ఒక పాటల బృందం సింగపూర్ వెళ్లడం, అక్కడ ప్రేమ, ఆ ప్రేమకో విషాదం. కథ మర్చిపోయినవాళ్లకి కూడా ఎమ్మెస్ విశ్వనాథన్ పాటలు గుర్తుంటాయి. రజనీకాంత్ సిగరెట్టు ఎగరేసి పెదాలతో పట్టుకునే పందెం గుర్తుంటుంది. గెలిస్తే కారు, ఓడితే వేలు! ఆ రోజుల్లో మనవాళ్లలో చాలామంది సింగపూర్‌ని మొదటిసారి రంగుల్లో చూసింది ఆ సినిమాలోనే.

మా అమ్మానాన్నలకి ఆ ఏడాదే పెళ్లయింది. తెనాలిలో కాపురం. సినిమా చూసి రిక్షాలో ఇంటికొస్తూ నాన్న, “ఎప్పటికైనా నిన్ను సింగపూర్ తీసుకెళ్తా” అన్నారట. గుమాస్తా ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఫీజులు, అద్దెలు... సింగపూర్ కాదు గదా, మద్రాసు వెళ్లిందే రెండుసార్లు. నాలుగేళ్ల క్రితం నాన్న పోయారు. మాట మిగిలిపోయింది. అది మా అక్క మనసులో ముల్లులా వుండిపోయి, మొన్న అందరికీ టికెట్లు కొనేసింది. అమ్మ, అక్క, బావ, పన్నెండేళ్ల మేనకోడలు, నేను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాన్న పోయిన దగ్గర్నించి అమ్మ మాతో కలిసి భోజనానికి కూర్చోవడం మానేసింది. “మీరు తినండి, నేను తర్వాత తింటాలే” – ఇదే డైలాగు, రెండు పూటలా. ఆ ‘తర్వాత’ ఎప్పుడో, ఏం తింటుందో ఎవరికీ తెలీదు. షుగరుంది. మాత్ర వేసుకుంటే వేళకి తినాలని డాక్టరు నెత్తీ నోరూ బాదుకుంటాడు. వింటే గదా!

ప్రయాణానికి అమ్మ తయారీ వేరే. చీరలు చిన్న సంచిలో, తిండి పెద్ద పెట్టెలో. పులిహోర, కందిపొడి, గోంగూర పచ్చడి, జంతికలు, అటుకులు. “అక్కడ పామునీ కప్పనీ కలిపి వండుతారంట, ఆ గరిటెతో నాకు పెడతారా?” అని అనుమానం. శుద్ధ శాకాహారి, పైగా తెనాలి మనిషి!

లిటిల్ ఇండియాలో మన టిఫిన్లు దొరకవా అంటారేమో. భేషుగ్గా దొరుకుతాయి. సెరంగూన్ రోడ్డు మీద కోమల విలాస్ 1947 నుంచీ నడుస్తూనే వుంది. మొదటి పొద్దు అక్కడే ఇడ్లీ తిన్నాం. కానీ ఊరి ఆ కొసన వున్నప్పుడు ఆకలేసిన ప్రతిసారీ సెరంగూన్ రోడ్డుకి పరిగెత్తలేం గదా. రెండోనాటికి పులిహోర వాసనొచ్చింది. ఆ సాయంత్రం అమ్మ మాత్ర వేసుకుని, అన్నం మానేసి, మెట్రో స్టేషన్ మెట్లెక్కుతూ కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. మేనకోడలు సంచిలోంచి చాక్లెట్టు తీసి నోట్లో పెట్టింది. అక్క ఏడ్చింది, భయంతో సగం, కోపంతో సగం. “నువ్వు తినకపోతే రేపే వెనక్కి వెళ్లిపోదాం, ఈ ముచ్చటేం వద్దు!” అంది. అమ్మ మాట్లాడలేదు.

ఇప్పుడు కాసేపు ఆ ఊరి తిండి సంగతి. సింగపూర్లో సామాన్యుడు తినేది పెద్ద హోటళ్లలో కాదు, ‘హాకర్ సెంటర్ల’లో. ఒకప్పుడు మన మిర్చిబజ్జీ బండ్లలాగే అక్కడా వీధివీధికీ తోపుడుబండ్లు, కావిళ్లు వుండేవి. ఎవరి వంట వాళ్లది. చైనావాళ్ల నూడుల్సు, మలాయివాళ్ల సాతే, మన తమిళ ముస్లిముల పరోటా. ప్రభుత్వం వాళ్లందరికీ లైసెన్సులిచ్చి, 1971 నుంచి 1986 దాకా నీళ్లూ కాలవలూ వున్న పెద్ద పెద్ద షెడ్లు కట్టి అక్కడికి చేర్చింది. మధ్యలో బల్లలు, చుట్టూ చిన్నచిన్న దుకాణాలు. ఇప్పుడలాంటివి నూటపదికి పైగా వున్నాయి. 2020 డిసెంబరులో యునెస్కో ఈ తిండి సంస్కృతిని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చింది. 2016లో ఇలాంటి దుకాణాలు రెండింటికి మిషెలిన్ నక్షత్రాలు కూడా వచ్చాయి. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని తినే తిండికి నక్షత్రం! తోపుడుబండిని తరిమెయ్యకుండా దానికో చూరు ఇచ్చారు చూశారూ, ఆ ఒక్క సంగతి మన మునిసిపాలిటీలు నేర్చుకుంటే బాగుండు.

వాళ్ల సినిమాల్లో కూడా ఈ తిండిబల్లలు వేషాలు కట్టాయి. 2018లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘క్రేజీ రిచ్ ఏషియన్స్’ చూసే వుంటారు. హీరో కోటీశ్వరుడు. విమానం దిగిన హీరోయిన్ని ముందుగా తీసుకెళ్లింది బంగళాకి కాదు, న్యూటన్ అనే హాకర్ సెంటర్‌కి! ఆ దేశపు దర్శకుడు ఎరిక్ ఖూ మొదటి పెద్ద సినిమా ‘మీ పాక్ మ్యాన్’ (1995)లో హీరో నూడుల్స్ అమ్మే మాట పెగలని కుర్రాడు. అది చాలా దిగులు కథ, రాత్రిపూట ఒంటరిగా చూడకండి. ఆయనదే ‘రామెన్ తే’ (2018) మాత్రం ఇంటిల్లిపాదీ చూడొచ్చు. జపాన్లో పెరిగిన కుర్రాడు అమ్మ పుట్టిల్లు వెతుక్కుంటూ సింగపూర్ వస్తాడు. అమ్మమ్మ వాణ్ణి దగ్గరికి రానివ్వదు. యుద్ధకాలంలో జపాన్‌వాళ్లు పెట్టిన బాధలు ఆమె మర్చిపోలేదు, తన కూతురు జపాన్‌వాణ్ణి చేసుకోవడం క్షమించలేదు. మాటలకి కరగని ఆ ముసలామెని మనవడు వంటతో కరిగిస్తాడు. ఆ సినిమా మా అక్క చూసిందో లేదో అడగలేదుగాని, మూడోనాడు తన మొహం అచ్చం ఆ కుర్రాడి మొహంలాగే వుంది.

అన్నట్టు, ఇంకోటి. సింగపూర్లో 1950 ప్రాంతాల్లో మలాయి భాషలో సినిమాలు జోరుగా తీసేవాళ్లు. దర్శకుల్లో కొందరు మనదేశం నుంచి వెళ్లినవాళ్లే. 1956లో పి. రామ్లీతో ‘హాంగ్ తువా’ తీసింది బొంబాయి, కలకత్తాల్లో పేరున్న ఫణి మజుందార్. పాటా, కన్నీళ్లూ, కత్తియుద్ధం... ఆ మసాలా అంతా మనకి తెలిసిందే!

సరే, మూడోనాడు. పొద్దున్నే వాటర్లూ స్ట్రీట్‌కి వెళ్లాం. అక్కడొక విచిత్రం వుంది. శ్రీకృష్ణుడి గుడి ఒకటి, 1870 నాటిది. రెండడుగుల్లో చైనావాళ్ల కువాన్ యిమ్ అమ్మవారి గుడి, 1884 నాటిది. ఆ అమ్మవారు ఎవరో కాదు, మన బౌద్ధుల అవలోకితేశ్వరుడే, చైనా వెళ్లి స్త్రీరూపం ధరించాడు. చైనా ఆడవాళ్లు వాళ్ల గుడిలో దండం పెట్టుకుని, పనిలో పనిగా పక్కనున్న కృష్ణుడి ముందు కూడా కట్టలకొద్దీ అగరొత్తులు వెలిగిస్తారు. ఇది చూసి అమ్మ నిలబడిపోయింది. డెబ్భై ఏళ్ల చైనా ముసలావిడ చెప్పులు విప్పి, కొంగులాంటిది ఏదీ లేకపోయినా మెడ వంచి, కన్నయ్యకి మూడుసార్లు మొక్కింది. “ఎంత శ్రద్ధరా ఆవిడకి!” అంది అమ్మ. ఆ మూడు రోజుల్లో ఆ ఊరి మనిషి గురించి అమ్మ అన్న మొదటి మంచిమాట అదే.

ఆ వీధి చివర ఆల్బర్ట్ సెంటర్ అని మార్కెట్టూ, హాకర్ సెంటరూ కలిసి వున్నాయి. పన్నెండు దాటింది. జనం కిక్కిరిసిపోయారు. ఒక బల్ల ఖాళీగా కనిపించింది, దాని మీద చిన్న టిష్యూ కాగితాల ప్యాకెట్టు. “ఎవరో పాపం మర్చిపోయారు!” అని అమ్మ అది తీసుకుని, పోగొట్టుకున్నవాళ్ల కోసం అటూ యిటూ చూస్తోంది. మేనకోడలు నవ్వాపుకోలేక, “అమ్మమ్మా, పెట్టెయ్! అది సీటు రిజర్వేషన్!” అంది. అవును మరి, అక్కడ బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పడేస్తే ఆ చోటు మనది. ‘చోప్’ చెయ్యడం అంటారు. మన బస్టాండులో కిటికీలోంచి కర్చీఫు వేస్తామే, అదే! అమ్మకి వెంటనే అర్థమైంది. “ఓస్, కర్చీఫేనా!” అని ప్యాకెట్టు ఎక్కడిదక్కడ పెట్టి, ఇంకో బల్ల మీద తన చేతిరుమాలు పరిచేసింది. తెనాలి ఆడపడుచా మజాకా!

బల్ల దొరికింది. తినేదెవరు? బావ ఆ వాసనలకి అప్పటికే మాయమయ్యాడు. ఆయన సంగతి వదిలెయ్యండి, ముందురోజు రాత్రి లావ్ పా సాత్ పక్క వీధిలో పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. మేనకోడలు వెళ్లి ఒక దుకాణం కనిపెట్టి వచ్చింది. పచ్చ బోర్డు, దాని మీద స్వస్తిక గుర్తు. బౌద్ధుల శాకాహారం. మా అమ్మ చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళ్లింది.

అద్దాల పెట్టెలో పదిహేను రకాల కూరలు. వెనకాల అరవై దాటిన ఆవిడ, చేతిలో పటకారు. సింగపూర్లో పెద్దవాళ్లందరూ ఆంటీలూ అంకుల్సే, ఆ విషయంలో మనకీ వాళ్లకీ తేడా లేదు. పిల్ల అడిగింది, “ఆంటీ, గుడ్డు వుంటుందా?” లేదు. “చేప సాసు?” లేదు. ఆంటీకి కాస్త పౌరుషం వచ్చినట్టుంది, ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది: “బుద్ధిస్టు, లా! నో ఆనియన్, నో గార్లిక్!” పిల్ల తెలుగులో చెప్పగానే అమ్మ కళ్లు పెద్దవయ్యాయి. “ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరా? మనం కార్తీకమాసంలో వుండేట్టు ఏడాది పొడుగునా వుంటారా?”

నిజమే. చైనా బౌద్ధుల్లో నిష్ఠగా వుండేవాళ్లు ఘాటైనవి అయిదు వదిలేస్తారు. ఉల్లి, వెల్లుల్లి, వాటి చుట్టాలు ఇంకో రెండు. అయిదోది ఇంగువ అని చెప్తారు! చాంద్రమానం ప్రకారం నెలలో మొదటిరోజూ పదిహేనో రోజూ మామూలువాళ్లు కూడా మాంసం మానేస్తారు. ఆ రోజుల్లో ఇలాంటి దుకాణాల ముందు బారులు తీరతారు. మన ఏకాదశికి దగ్గర చుట్టమే అనుకోండి.

అంతా బాగానే వుందిగాని, అమ్మ చూపు ఒక పళ్లెం దగ్గర ఆగిపోయింది. అంచులు ఎర్రగా, లోపల తెల్లగా, కోసిన ముక్కలు. “ఇదేందే, మాంసం ముక్కల్లా వున్నయ్యి!” నా గుండె జారింది. మళ్లీ అటుకుల సంచి దగ్గరికి వెళ్లిపోతుందని. ఆంటీ మాట అర్థం కాకపోయినా మొహం చదివింది. ఇలాంటి మొహాలు రోజూ చూస్తుందేమో మరి. లోపలికి వెళ్లి తెల్లటి ముద్ద ఒకటి తెచ్చి, లాగి, వదిలి చూపించింది. గోధుమపిండి ముద్దని నీళ్లలో బాగా కడిగితే గంజి పోయి మిగిలే జిగురు అది. దానికి రంగూ రుచీ పట్టించి మాంసంలా చేస్తారు. “అమ్మా, అది డూపు!” అన్నాను. “గుర్రం మీంచి దూకేది హీరో కాదు గదా, డూపు గదా. ఇక్కడ మాంసం వేషం గోధుమపిండి వేసింది.” అమ్మ ఆలోచించి తీర్పు చెప్పింది: “డూపు కూడా నాకొద్దు. ఆ సేమ్యా, ఆ క్యాబేజీ పెట్టమను.”

సేమ్యా కాదు, ‘బీహూన్’. బియ్యప్పిండితో చేసిన సన్నటి దారాలు, సోయా సాసులో వేయించినవి. పైన క్యాబేజీ, చిక్కుళ్లు, సోయాపాల మీగడ తరకల్ని ఎండబెట్టి కరకరలాడేట్టు వేయించిన అప్పడంలాంటిది. ప్లేటు అయిదు డాలర్లు కూడా కాలేదు. అయినా అమ్మ రూపాయల్లోకి మార్చి ఒకసారి నిట్టూర్చింది, అది ఆమె హక్కు.

బల్ల దగ్గరికొచ్చాం. ఇప్పుడు చెప్పొచ్చే సంగతేమిటంటే, అక్కడ వడ్డించేవాళ్లుండరు. ఎవరి ట్రే వాళ్లదే, ఎవరి ప్లేటు వాళ్లముందే. ఇంట్లో అయితే అమ్మ గరిటె పట్టుకుని నిలబడుతుంది, వడ్డిస్తూ వడ్డిస్తూ తన పూట దాటేస్తుంది. ఇక్కడ పట్టుకోవడానికి గరిటె ఏది? అయినా అలవాటు పోదు గదా. “మీరు తినండి, నేను...” అని మొదలుపెట్టింది. అక్క మొహం ఎర్రబడింది. సరిగ్గా అప్పుడే ఒక చైనా తాతగారు తన గిన్నె పట్టుకొచ్చి, ఖాళీగా వున్న స్టూలు చూపించి, కూర్చోవచ్చా అన్నట్టు తలూపి కూర్చున్నారు. అక్కడ బల్లలు పంచుకోవడం మామూలే. ఆయన తింటూ తింటూ అమ్మ ప్లేటు చూశారు, అమ్మని చూశారు. “ఈట్, ఈట్! కోల్డ్ ఆల్రెడీ!” అన్నారు, మన పెదతాతలు కసిరినట్టు.

పరాయి పెద్దమనిషి చెప్పాక కాదంటే బాగుండదని కాబోలు, అమ్మ ఫోర్కు పక్కనపెట్టి చేత్తో ఒక ముద్ద తీసుకుంది. తర్వాత ఇంకోటి. మేం ఎవరం ఏమీ అనలేదు. అక్క తల వంచుకుని తన ప్లేటులోకే చూస్తూ తిన్నది. ఏమైనా అంటే ఆ మంత్రం చెదిరిపోతుందేమోనని భయం. నాలుగేళ్ల తర్వాత అమ్మ మాతో పాటు, మా వేళకి, మా బల్ల మీద తిన్నది. సగం అయ్యాక విమర్శ కూడా వచ్చింది: “చప్పగా వుందిరా. కాస్తంత ఇంగువ తగిల్తే ఎట్లా వుండేదో!” వాళ్లు నిషేధించిందే ఈవిడకి కావాలి!

సంచిలోంచి కందిపొడి డబ్బా బయటికొచ్చింది. బీహూన్ మీద చల్లుకుంది. తాతగారికి చూపిస్తే ఆయన ఒక చిటికెడు నాలిక మీద వేసుకుని, నీళ్ల కోసం వెతుక్కున్నారు. అమ్మకి హుషారొచ్చింది. డబ్బా తీసుకుని దుకాణం దగ్గరికి నడిచింది, ఆంటీకి రుచి చూపించడానికి. ఆంటీ మూత దగ్గర ముక్కు పెట్టి ఒక్కసారి పీల్చి, వెనక్కి జరిగింది. “గార్లిక్?” అంది. ఉంది మరి, గుంటూరు కందిపొడిలో వెల్లుల్లి లేకుండా ఎట్లా? ఆంటీ రెండు చేతులూ జోడించి, నవ్వుతూనే, వద్దంది.

అప్పటిదాకా ‘మీ గరిటె మంచిదేనా?’ అని ప్రశ్నలేసింది మావాళ్లు. ఇప్పుడు మా డబ్బానే మైల! అమ్మ ఒక క్షణం తెల్లబోయి, తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా, గోడకి చెయ్యి ఆనించి నవ్వింది. ఆంటీ కూడా నవ్వింది. ఇద్దరికీ ఉమ్మడిగా తెలిసిన మాటలు నాలుగు కూడా లేవు. “ఆవిడే రైటురా,” అంది అమ్మ వెనక్కొస్తూ, “నిష్ఠ అంటే నిష్ఠే.”

మీలో ఎవరైనా ఇంట్లో పెద్దవాళ్లని తీసుకుని అటు వెళ్తే, రెండు మాటలు. ‘క్యారెట్ కేక్’ అని రాసి వుంటే పిల్లలు ఎగబడతారు. అందులో క్యారెట్టూ లేదు, కేకూ లేదు. ముల్లంగీ బియ్యప్పిండీ కలిపి ఆవిరికి ఉడికించిన దిమ్మని ముక్కలు కోసి గుడ్డుతో వేయిస్తారు. టైటిల్‌కీ కథకీ సంబంధం లేని సినిమాలు మనకి మాత్రం కొత్తా? పరోటాతో ఇచ్చే పులుసు చాలాచోట్ల చేపదో మాంసానిదో అయివుంటుంది, పప్పు అడిగి పోయించుకోండి. కూరగాయల కూరలో కూడా ఎండురొయ్యల ముద్ద కలుస్తుంది, అడగందే చెప్పరు. నీళ్లు ఊరికే ఇవ్వరు. తిన్నాక ట్రే మీరే తీసుకెళ్లి అరలో పెట్టాలి. 2021 సెప్టెంబరు నుంచి అది చట్టం, బల్ల అలాగే వదిలేసి లేస్తే జరిమానా దాకా పోతుంది. అరలు కూడా ముస్లిముల హలాల్ గిన్నెలకి వేరు, మిగతావాటికి వేరు. ఈ ఏర్పాటు చూసి అమ్మ ఆ ప్రభుత్వానికి నూటికి నూరు మార్కులు వేసింది.

ఇక కాఫీ. అక్కడ కాఫీని ‘కోపీ’ అంటారు. గింజల్ని పంచదారా వెన్నలాంటి కొవ్వూ వేసి నల్లగా వేయించి, గుడ్డసంచిలో వడపోస్తారు. ఉత్త ‘కోపీ’ అంటే తియ్యటి డబ్బాపాలు గుమ్మరిస్తారు. ‘కోపీ ఓ’ అంటే పాలు లేకుండా పంచదారతో. ‘కోపీ సీ’ అంటే తీపి కలపని చిక్కటి పాలతో, పంచదార వేసి. పంచదార అక్కర్లేకపోతే చివర ‘కొసోంగ్’ అనాలి. మలాయిలో ఖాళీ అని అర్థం. షుగరున్నవాళ్లు ఆ దేశంలో నేర్చుకోవాల్సిన మొదటి మాట అదే. అక్క అమ్మచేత పదిసార్లు వల్లె వేయించింది.

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి గదిలో అమ్మ లేదు. కంగారుగా కిందికి పరిగెత్తాను. హోటలుకి ఎదురుగా వున్న కాఫీకొట్టు ముందు, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి, వరసలో మూడో మనిషిగా నిలబడి వుంది. నన్ను చూసి చెయ్యూపి, కొట్టువాడి వైపు తిరిగి, “కోపీ సీ కొసోంగ్, టూ!” అంది. ఆ తర్వాత నావైపు చూసి, “నీకు పంచదార కావాలంటే నువ్వే చెప్పుకో, ఆ మాట నాకు రాదు.”